చేతి ఫోనులో కార్యాలయ పత్రము: రూపకల్పనలో ఉద్యోగి స్థానము

(జగదల్‌పూరునందు జరిగిన రైల్వే, తపాలా ఉద్యోగుల సంయుక్త అధ్యయన తరగతిలో సమాఖ్య పక్షమున చేయబడిన ప్రసంగ పాఠము)



కార్యక్రమ పత్రములో మా అంశమును చూచి కొందరు మిత్రులు నవ్వినారు. వేతన సవరణ, పెన్షను, ఖాళీల భర్తీ వంటి అంశముల నడుమ ‘ఓపెన్ సోర్సు ఆఫీసు సాఫ్ట్‌వేరునకు మొబైలు ఇంటర్‌ఫేసు’ అను మాట దారి తప్పి వచ్చినట్లు కనబడుట సహజమే. అయితే నవ్విన మిత్రులలో ఒకరి జేబులోని ఫోనులో ఆయన శాఖ తరఫున వ్రాసిన విజ్ఞాపన పత్రము మూడు దినములుగా సగములో నిలిచియున్నది. కారణ మడుగగా, ‘పట్టికలోని చివరి గడి తెరమీదికి వచ్చుట లేదు’ అని చెప్పినారు. మా ప్రసంగమంతయు ఆ చివరి గడిని గురించియే.

ముందుగా మాటల అర్థము చూచుకొందము. ఆఫీసు సాఫ్ట్‌వేరు అనగా ఉత్తరములు వ్రాయుటకు, లెక్కల పట్టికలు వేయుటకు, సభలలో చూపు చిత్రపటములు కూర్చుటకు ఒకే కట్టగా నున్న పనిముట్లు. ఓపెన్ సోర్సు అనగా ఆ పనిముట్లను నడిపించు మూలలిపిని ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, మార్చినదానిని పంచవచ్చును. ఇంటర్‌ఫేసు అనగా మనిషికిని యంత్రమునకును నడుమ నున్న కౌంటరు కిటికీ. కిటికీ ఎంత ఎత్తున ఉన్నది, లోపలివాని మాట బయటికి వినబడునా, పొట్టివాడు చేయి చాచి రూకలు అందింపగలడా అనునవి కౌంటరు వద్ద ఉద్యోగము చేసిన మనకు ఒకరు బోధింపనక్కరలేదు. ఫోను తెరపై జరుగు రూపకల్పన యంతయు ఇటువంటి ప్రశ్నలతోనే నడచును.

ఈ పనిముట్ల కథ పొడుగైనదేమీ కాదు. జర్మనీలో 1980 దశకమున పుట్టిన స్టార్ డివిజను సంస్థ తయారుచేసిన ‘స్టార్ ఆఫీస్’ను 1999లో అమెరికాకు చెందిన సన్ సంస్థ కొన్నది. 2000 సంవత్సరములో దాని మూలలిపిని బహిరంగపరచగా ‘ఓపెన్ ఆఫీస్’ ఏర్పడినది. 2010లో సన్ సంస్థ ఒరాకిల్ చేతికి పోయినది. అదే సంవత్సరము సెప్టెంబరులో అభివృద్ధికారులలో పెక్కుమంది వేరుపడి డాక్యుమెంట్ ఫౌండేషను అను సంస్థను స్థాపించి, ‘లిబ్రే ఆఫీస్’ అను పేర పనిని కొనసాగించిరి. యజమాని మారినప్పుడు పనిముట్టు కూడ అతనితో పోకుండ నిలిచినదనుటకు ఇది మంచి నిదర్శనము. మూలలిపి అందరిదిగా నుండుటచేతనే అది సాధ్యమైనది. మన దేశములో సి-డాక్ సంస్థ ఓపెన్ ఆఫీస్‌ను భారతీయ భాషలలోనికి తెచ్చి 2005 ప్రాంతమున సి.డి.ల రూపమున ఉచితముగా పంచినది. పత్రములను భద్రపరచు ఓ.డి.ఎఫ్. అను పద్ధతి 2006లో అంతర్జాతీయ ప్రమాణముగా అంగీకరింపబడినది. భారత ప్రభుత్వము 2010లో ఈ-పరిపాలనకు బహిరంగ ప్రమాణముల విధానమును, 2015లో ఓపెన్ సోర్సు విధానమును ప్రకటించినది. విధానములు కాగితముపై బాగుగనే యున్నవి.

ఇక అసలు చిక్కు. ఈ పనిముట్టు బల్ల కొరకు పుట్టినది. బల్లమీద పెద్ద తెర, చేతిలో మౌసు, ఎదుట మీటల పలక, కూర్చొనుటకు కుర్చీ, పైన పంకా, వీటినన్నింటిని ముందే ఊహించుకొని తయారైనది. పై వరుసలో మెనూలు, వాని క్రింద రెండు వరుసల గుర్తులు, ప్రక్కన ఒక పలక, ఇట్లు వందలాది ఆజ్ఞలు పేర్చబడియున్నవి. మౌసు బాణపు కొన ఎంత చిన్న గుర్తునైనను గురిచూచి తాకగలదు. మనిషి బొటనవ్రేలు అట్లు కాదు. ఆండ్రాయిడు వ్యవస్థ సూత్రముల ప్రకారము ఒక్కొక్క మీట కనీసము తొమ్మిది మిల్లీమీటర్ల వెడల్పు ఉండవలెను. మన ఫోను తెర వెడల్పు ఆరేడు సెంటీమీటర్లకు మించదు. అనగా ఒక వరుసలో ఏడు మీటలు పట్టుటయే గగనము. వందలాది ఆజ్ఞలను ఏడు మీటలలో ఇమిడ్చుట ఎట్లు? ఏవి ఉంచవలెను, ఏవి దాచవలెను, ఆ నిర్ణయము ఎవరు చేయవలెను?

మొదటి ప్రయత్నము 2015లో బయటపడిన లిబ్రే ఆఫీస్ ఆండ్రాయిడు వ్యూయరు. అది ప్రధానముగ పత్రమును చూచుటకు ఏర్పడినది. పత్రమంతయు ఒక్కసారి తెరపై చిత్రించుట ఫోనునకు భారమగును గనుక, పత్రమును చదరపు పెంకులుగా విభజించి, కనబడు భాగపు పెంకులను మాత్రమే చిత్రించు పద్ధతి నవలంబించిరి. వ్రేలితో జరుపగా క్రొత్త పెంకులు వచ్చి చేరును. ఇందుకు ఫైర్‌ఫాక్సు అను మరియొక ఓపెన్ సోర్సు పనిముట్టు యొక్క మొబైలు రూపము నుండి కొంత మూలలిపిని తీసికొనిరి. ఒకరి పొలములోని నారు వేరొకరి మడిలో నాటుట ఈ రంగమున తప్పు కాదు.

తరువాత కొలాబొరా అను సంస్థ చేసిన పని మనకు ముఖ్యమైనది. 2020 ప్రాంతమున ఆ సంస్థ ఫోనులోనే పూర్తిగ నడచు పనిముట్టును వెలువరించినది. అందులో మూడు నిర్ణయములు మనము గమనింపదగినవి. మొదటిది, పత్రము తెరవగానే అది చదువుటకు మాత్రమే తెరచుకొనును. క్రింది మూలనున్న పెన్సిలు గుర్తును తాకినప్పుడే దిద్దుటకు వీలగును. ఇది చిన్న విషయముగా తోచవచ్చును. కాని లాంతరు చంకలో పెట్టుకొని ఒంటిచేత్తో ఫోను చూచు కీమ్యానుకు, తడిసిన సంచిలో నుండి ఫోను తీయు డాక్ సేవకునకు ఇది ఎంత రక్షణయో ఆలోచింపుడు. మా ఎరుకలోని ఒక శాఖా కార్యదర్శి వేరొక పనిముట్టులో విశ్రాంతి గంటల పట్టికను చూపుచుండగా, బొటనవ్రేలు తగిలి ఒక నిలువు వరుస మొత్తము మాయమైనది. చర్చలలో అధికారి ఎదుట ఆయన తల దించుకొనవలసి వచ్చినది. తప్పు ఆయనది కాదు. చూచుటకును దిద్దుటకును నడుమ గడప లేని ఇల్లు కట్టినవారిది ఆ తప్పు.

రెండవది, మీటల వరుసను తెర పైభాగము నుండి క్రిందికి తెచ్చిరి. ఒంటిచేత్తో పట్టుకొన్న ఫోనులో బొటనవ్రేలు అందునది క్రిందిభాగమే. మూడవది అన్నింటికన్న తెలివైనది. ఖతి పరిమాణము, పంక్తుల ఎడము, గడుల రంగు మొదలగు సకల ఏర్పాట్లకు బల్లకంప్యూటరులో ప్రక్కపలక యున్నది గదా. దానిని ఫోనులో తెర దిగువ సగమున జాబితాగా లేచునట్లు చేసిరి. ఒక పంక్తిని తాకినచో దాని లోపలి ఏర్పాట్లు వచ్చును, వెనుకకు పోవు బాణమును తాకినచో మరల జాబితా వచ్చును. ఇందుకై వారు ప్రతి పలకను మరల క్రొత్తగా వ్రాయలేదు. బల్లకంప్యూటరు పలకల వర్ణన ఏ ఫైళ్లలో నున్నదో ఆ ఫైళ్లనే చదివి ఫోనునకు తగినట్లు మరల పేర్చునట్లు ఏర్పాటు చేసిరి. ఒకే పనిని రెండుమార్లు చేయకుండుట పనివాని తెలివి.

అయితే ఈ తెలివి వలన ఒక దోషము కూడ వచ్చినది. బల్ల కొరకు ఏర్పడిన వరుసక్రమమే జాబితాలోనికి దిగుటచే, మనకు దినము పదిమార్లు కావలసినది నాలుగవ మెట్టున దాగియుండును, ఏడాది కొకసారి కూడ అక్కరలేనిది మొదటి మెట్టున నిలిచియుండును. పై అధికారి గది తలుపు తెరచియుండి, చిల్లర గుమాస్తా బల్ల మాత్రము మేడమీద నుండినట్లు. అక్షరముల నీడ, అంచుల అలంకారము వంటివి మన కెందుకు? మనకు కావలసినది మొత్తము కూడిక, తేదీ, పట్టికకు ఒక వరుస చేర్పు, ఫోనులోని చిత్రమును పత్రములో అతికించుట, పంపుట. ఏది మొదట ఉండవలెనో మూలలిపి చెప్పలేదు. పనిచేయువాడే చెప్పవలెను.

ఈ సభ జగదల్‌పూరునందు జరుగుట ఈ విషయమునకు మిక్కిలి తగియున్నది. బైలాదిలా ఇనుప ఖనిజమును విశాఖ రేవునకు చేర్చుటకై 1960 దశకమున వేయబడిన కొత్తవలస–కిరందూల్ మార్గము కొండలను తొలిచి వేసినది, యాభై ఎనిమిది సొరంగములు గలది. ఆ మార్గముతో పాటు శ్రీకాకుళము, విజయనగరము, విశాఖ ప్రాంతముల నుండి తెలుగు కుటుంబములు ఇక్కడికి వచ్చినవి. కచేరీ భాష హిందీ. సంతలో హల్బీ. చుట్టు గ్రామములలో గోండి, భత్రి, ధుర్వా. దక్షిణమున కొంటా, భోపాలపట్నము వైపు మరల తెలుగు. చిరకాలము వాల్తేరు డివిజనులో నుండిన ఈ మార్గములో కొత్తవలస నుండి బచేలి వరకు గల భాగమును, 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన ఏర్పాటు ప్రకారము, ఒడిశాలోని రాయగడ కేంద్రముగా ఏర్పడు డివిజనుకు కేటాయించిరి. ఇక ఒకే విజ్ఞాపన పత్రములో తెలుగు, హిందీ, ఒడియా, ఆంగ్లము కలసి నడువవలసిన దినములు వచ్చినవి. సొరంగములలోను, అడవిలోను సంకేతము అందదు. కావున దూరపు కంప్యూటరును అడిగి నడచు పనిముట్టు ఇక్కడ అక్కరకు రాదు. ఫోనులోనే సంపూర్ణముగా నడచునది కావలెను. పట్టణపు రూపకర్త తన గదిలో కూర్చుండి ఈ సంగతి ఊహింపజాలడు.

తెలుగు లిపి విషయము కొంత విపులముగా చెప్పక తప్పదు. మన లిపికి యూనికోడులో ప్రత్యేక స్థానము 1991 నుండి యున్నది. అంతకు పూర్వపు డి.టి.పి. ఖతులలో అచ్చైన మన పాత సంచికలు నేడు ఫోనులో తెరచినచో పిచ్చి గీతలుగా కనబడుచున్నవి. మన ఉద్యమ చరిత్ర ఆ గీతలలో చిక్కుకొనియున్నది. యూనికోడులో వ్రాసినను చిక్కులు తీరవు. ‘స్త్రీ’ అను అక్షరము కంటికి ఒకటి. యంత్రమునకు స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వము అని ఆరు సంకేతములు. ఆ ఆరింటిని ఒక్క రూపముగా మలచుటకు వేరొక పనిముట్టు కావలెను. దాని పేరు హార్ఫ్‌బజ్, పార్శీ మాట, తెరచిన అక్షరము అని దాని భావము. 2017లో వచ్చిన లిబ్రే ఆఫీస్ 5.3 నుండి అన్ని వ్యవస్థలలోను ఆ పనిముట్టే మన వత్తులను కూర్చుచున్నది. అంతకు ముందు ఒక యంత్రముపై సరిగా కనబడిన పత్రము వేరొక యంత్రముపై పంక్తులు విరిగి కనబడెడిది.

లిపిని చిన్న విషయముగా తలచువారికి 2018 ఫిబ్రవరి నాటి సంగతి గుర్తుచేయుదుము. ‘జ్ఞ’కు దీర్ఘము చేరిన ఒకానొక తెలుగు కూర్పు తెరపైకి రాగానే ప్రపంచమంతట ఐఫోనులలో సందేశముల పనిముట్లు కుప్పకూలినవి. యాపిల్ సంస్థ కొలది దినములలో సవరణ విడుదల చేయవలసి వచ్చినది. ఇన్ని కోట్ల మంది వ్రాయు లిపి ఒక గొప్ప సంస్థ పరీక్షల పట్టికలో ఎంత మూలకు నెట్టబడియుండెనో దానివలన తెలిసినది. ‘విజ్ఞాపన’ అను మాటలోను ఆ ‘జ్ఞ’యే యున్నది!

ఇంటర్‌ఫేసులో ఈ లిపి తెచ్చు కష్టములు వేరు. ఆంగ్లాక్షరముల ఎత్తునకు కొలిచి చేసిన మీటలో మన వత్తు క్రింది అంచున తెగిపోవును. ‘భద్రపరచు’ అను మాటలో రావత్తు సగము కనబడును. నాలుగక్షరముల ఆంగ్లపదము పట్టు చోట మన పదము పట్టక చివర మూడు చుక్కలు మిగులును. చెరుపు మీటను ఒకసారి నొక్కినచో అక్షరము మొత్తము పోవలెనా, గుణింతపు గుర్తు మాత్రమే పోవలెనా? వ్రాయుచున్నవానికి గుర్తు మాత్రము పోవుటయే మేలు. లేనిచో ‘స్త్రీ’లోని దీర్ఘమును హ్రస్వము చేయుటకు అక్షరమంతయు మరల వ్రాయవలెను. కాని వ్రేలితో ఎంచుకొనునప్పుడు అక్షరము మొత్తము ఒకటిగా ఎంపిక కావలెను. ఈ రెండు నియమములు వేరని తెలుగు వ్రాయని రూపకర్తకు ఎవరు చెప్పుదురు?

ఇక పదముల సంగతి. ‘సేవ్’కు ‘దాచు’ అనుట ఇంపైన తెలుగు. డబ్బు దాచుకొనుట మనకు తెలిసిన మాటయే, మన పొదుపు ఖాతాల కౌంటరు వద్ద దినమంతయు వినునదే. అయితే ‘హైడ్’ అను ఆజ్ఞకు కూడ అదే మాట వచ్చును. ఒక వరుసను కనబడకుండ చేయుటకును, పత్రమును పదిలపరచుటకును ఒకే పదమైనచో ప్రమాదమే. ‘అన్‌డూ’కు ‘రద్దు’ అని వ్రాసిన అనువాదములు చూచితిమి. టికెట్టు రద్దు చేయుట ఎరిగిన రైల్వే గుమాస్తాయు, తపాలా బిళ్ళపై ముద్ర కొట్టి రద్దు చేయుట ఎరిగిన తపాలా ఉద్యోగియు ఆ మీటను తాకుటకు జంకుదురు. రద్దైనది తిరిగి రాదని వారి అనుభవము. ఇక్కడ జరుగునది అందుకు విరుద్ధము, పోయినది తిరిగి వచ్చుచున్నది. ‘వెనుకటివలె’ అనుట మేలని మా అభిప్రాయము. హైదరాబాదులోని స్వేచ్ఛ వంటి సంస్థల స్వచ్ఛంద సేవకులు తెలుగులో సాఫ్ట్‌వేరును నిలుపుటకు చాల శ్రమించినారు. వారికి కృతజ్ఞత చెప్పుచునే, కౌంటరు అనుభవము గలవారు వారి ప్రక్కన కూర్చుండవలసిన అవసరమున్నదని కూడ చెప్పుదుము.

తెలుగుకే ఇన్ని చిక్కులైనచో గోండి మాట ఏమి? గోండికి వ్రాతలిపులు లేకపోలేదు. ముంషీ మంగల్‌సింగ్ మసారాం కూర్చిన లిపి 2017లోను, ఆదిలాబాదు జిల్లా గుంజాల గ్రామమున దొరికిన ప్రతులలోని లిపి 2018లోను యూనికోడులో చేరినవి. అయితే చదువుట నేర్వని తల్లి తన పింఛను ఆగినదని చెప్పుకొనుటకు ఏ లిపియు అక్కరకు రాదు. బస్తరు ప్రాంతములో దీనికి మార్గము చూపినది సి.జి.నెట్ స్వర. పాత్రికేయుడు శుభ్రాంశు చౌధురి చొరవతో 2010లో మొదలైన ఈ ఏర్పాటునకు మైక్రోసాఫ్ట్ పరిశోధనశాలకు చెందిన బిల్ థీస్ సాంకేతిక సహాయము చేసినారు. తెర లేదు, గుర్తులు లేవు, మెనూలు లేవు. సామాన్యమైన ఫోను చాలును. ఒక సంఖ్యకు పిలిచిన పిమ్మట ఒకటి నొక్కినచో తన మాట చెప్పవచ్చును, రెండు నొక్కినచో ఇతరుల మాట వినవచ్చును. చెప్పిన మాటను పరిశీలకులు సరిచూచి అందరికి వినబడునట్లు పెట్టుదురు. చేతిపంపు చెడినదని, కూలి అందలేదని చెప్పిన మాటలు సంబంధిత అధికారులకు చేరుటకు అది దారి అయినది.

ఆఫీసు సాఫ్ట్‌వేరునకు వందలాది ఆజ్ఞలుండగా ఇక్కడ రెండే మీటలు. ఏడు మీటలలో ఏమి ఇమిడ్చవలెనని తలపట్టుకొను రూపకర్తలు ఒకమారు ఈ రెండు మీటల వైపు చూడవలెను. విజ్ఞాపన పత్రమున కూడ ఒక మీట మాటకు ఉండవచ్చును గదా. గోండి, హల్బీ మాటలాడు సభ్యుడు తన ఫిర్యాదును గొంతుతో చెప్పగా అది పత్రమునకు జతయై, కార్యదర్శి విని వ్రాయవచ్చును. మా సూచనలలో ఇది ముఖ్యమైనది.

యంత్రములతో ఉద్యోగ సంఘముల వ్యవహారము ఎప్పుడును సూటిగా నడువలేదు. 1960 దశకమున కలకత్తాలోని ఇలాకో హౌస్ వద్ద బీమా ఉద్యోగులు కంప్యూటరును లోనికి రానీయక రాత్రింబవళ్ళు కాపలా కాచిరి. నేడు కొందరు దానిని ఎగతాళి చేయుదురు. మేము చేయము. ఆ దినములలో యంత్రమనగా ఉద్యోగము పోవుటయే అని భయపడుటకు కారణములుండెను. 1983లో బ్యాంకు ఉద్యోగ సంఘములు యాంత్రీకరణపై యాజమాన్యముతో ఒప్పందము చేసికొనిరి. 1985లో ఢిల్లీలో రైల్వే రిజర్వేషను కంప్యూటరుపైకి వచ్చినది. వ్యతిరేకించుట ఒక దశ, షరతులు పెట్టుట మరియొక దశ. యంత్రమును ఎట్లు తయారుచేయవలెనో చెప్పుట మూడవ దశ. మన దేశమున మనము ఈ మూడవ దశకు సరిగా రాలేదు.

ఉత్తర ఐరోపా సంఘములు అక్కడికి చేరినవి. నార్వేలో ఇనుము, లోహ కార్మిక సంఘము 1970లో క్రిస్టెన్ నైగార్డ్ అను శాస్త్రజ్ఞునితో కలసి, కర్మాగారములోనికి వచ్చు కంప్యూటరు వ్యవస్థలను కార్మికులే అధ్యయనము చేయు పథకమును ప్రారంభించినది. ఈ నైగార్డ్ సిమ్యులా అను కంప్యూటరు భాషను సృష్టించినవారిలో ఒకరు, 2001 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కార గ్రహీత. అంతటివాడు సంఘ కార్యాలయములో కూర్చుండి కార్మికులతో పాఠ్యగ్రంథము వ్రాయుటకు పూనుకొన్నాడు. 1981 నుండి 1985 వరకు స్కాండినేవియా ముద్రణ కార్మిక సంఘములు ‘యుటోపియా’ అను పథకము నడిపినవి. అచ్చుకూర్పు కంప్యూటరులోనికి పోవుచున్న కాలమది. కూర్పరులు, పరిశోధకులు కలసి, కావలసిన యంత్రమును ముందుగా అట్టలతో, చెక్కతో చేసిరి. లేజరు ముద్రణ యంత్రమునకు బదులు ఒక ఖాళీ అట్టపెట్టెపై దాని పేరు వ్రాసి బల్లమీద పెట్టిరి. దాని ఎదుట నిలుచుండి పనిచేయుచున్నట్లు నటించి, చేయి ఎక్కడికి పోవుచున్నది, కన్ను దేనిని వెదకుచున్నది అని గమనించిరి. అట్టను కత్తెరతో మార్చవచ్చును. తయారైన యంత్రమును మార్చుటకు టెండరు కావలెను.

ఆ మార్గముననే నిన్న మధ్యాహ్నము ఈ తరగతిలో పోస్టుకార్డు పరిమాణపు కాగితములు పంచి, ప్రతివారిని తమకు కావలసిన ఫోను తెరను గీయుమని కోరితిమి. రైల్వే సోదరులలో ట్రాకు విభాగమువారు కెమెరా మీటను బొటనవ్రేలి క్రిందనే పెట్టిరి, విరిగిన ఫిష్‌ప్లేటు చిత్రము మొదట, మాటలు తరువాత. టి.ఏ. జర్నలు వ్రాయువారు నిన్నటి పంక్తిని మరల వ్రాయకుండ నకలు తీయు మీటను కోరిరి. శాఖా పోస్టుమాస్టర్లు ‘మొత్తము’ను అన్నింటికన్న పెద్దదిగా గీసిరి. ఒక సోదరి తెరలో సగమును ఖాళీగా వదలివేసినది. ఏమమ్మా అని అడుగగా, ‘ఎండలో బయట నిలుచుండి చూచునప్పుడు అక్షరములు పెద్దవి కావలెనండి, మిగిలినవన్నియు తరువాత’ అని చెప్పినది. ఆ కాగితమును మేము జాగ్రత్తగా తీసిపెట్టితిమి.

ఇక మనకు నిజముగా నష్టము కలిగింపగల విషయము. పనిముట్టు చేతిలోనికి వచ్చినచో పని కూడ ఇంటికి వచ్చును. గ్రామీణ డాక్ సేవకులకు 2018 జూలై నుండి నాలుగు గంటలు, ఐదు గంటలు అను రెండు అంతస్తులలో భత్యము నిర్ణయింపబడినది. దేశమున లక్షకు పైగా శాఖా కార్యాలయములు గ్రామములలో ఉన్నవి. రాత్రి తొమ్మిదింటికి ఫోనులో పట్టిక నింపి పంపుమని వచ్చిన ఆదేశము ఆ నాలుగు గంటలలో చేరునా? రైల్వేలో 2005 నాటి పనిగంటలు, విశ్రాంతి నియమములున్నవి. విశ్రాంతి సమయమున పత్రము తెరచి దిద్దినది పని క్రిందికి వచ్చునా రాదా? ఇది వేతన సమస్యయే కాని సాంకేతిక సమస్య కాదని కొందరనవచ్చును. రెండును కలసియే యున్నవి. పత్రమును ఎప్పుడు తెరచినది, ఎంతసేపు దిద్దినది అను లెక్కను పనిముట్టు వ్రాసియుంచగలదు. ఆ లెక్క అధికారి తెరపై మాత్రమే కనబడినచో అది నిఘా. ఉద్యోగి తెరపై కనబడి, అతడు కోరినప్పుడు ముద్రించుకొనగలిగినచో అది ఓవర్‌టైము క్లెయిమునకు ఆధారము. లెక్క ఒకటే, ఎవరి కిటికీలో కనబడునన్నదే ప్రశ్న. ఆ కిటికీని ఎక్కడ పెట్టవలెనో నిర్ణయించుటయే ఇంటర్‌ఫేసు రూపకల్పన. అందుచేతనే దీనిని వేతన సవరణ ప్రక్కన కార్యక్రమ పత్రములో ఉంచితిమి. పనికి ఫోను తప్పనిసరి యైనచో దాని ఖరీదును, డేటా ఖర్చును శాఖయే భరింపవలెనన్నది వేరుగా చెప్పనక్కరలేదు.

ఉచితముగా దొరకు ఇతర పనిముట్లుండగా ఇదియే ఏల అని ఒక మిత్రుడు చీటీ పంపినారు. సంఘపు సభ్యుల జాబితా, సమ్మె నోటీసు చిత్తుప్రతి, వ్యక్తిగత ఫిర్యాదులు ఎవరి కంప్యూటరులో నిలువయుండవలెనో ముందు తేల్చుకొనవలెను. ఓపెన్ సోర్సు పనిముట్టును సమాఖ్య తన సొంత కంప్యూటరుపై పెట్టుకొనవచ్చును, లేదా ఫోను దాటి పోకుండ ఉంచవచ్చును. అయితే ఉచితమను మాటకు మురియరాదు. దీనిని వ్రాయువారును కూలివారే. లిబ్రే ఆఫీస్ పనిలో పెద్దభాగమును కొలాబొరా వంటి సంస్థలు జీతమిచ్చి చేయించుచున్నవి. 2020లో ఆ సంస్థ ఆన్‌లైను రూపపు అభివృద్ధిని ఫౌండేషను ఆవరణ నుండి తన సొంత ఆవరణకు మార్చుకొనుటయు, అదే సంవత్సరము ఉచిత ప్రతికి ‘పర్సనల్ ఎడిషన్’ అను ముద్ర వేయవలెనను ప్రతిపాదనపై వివాదము చెలరేగుటయు అందరు చూచినదే. వాడుకొనువారు అందరు, ఖర్చు భరించువారు కొందరు అయినచో ఇట్టి తగవులు తప్పవు. ఏ సంఘమైనను వాడుకొనదలచినచో కొంత శ్రమనో, కొంత ధనమునో తిరిగి ఇయ్యవలెనని మా నిశ్చితాభిప్రాయము. మనవద్ద ధనము తక్కువ. కౌంటరు అనుభవము మాత్రము పుష్కలముగ నున్నది.

కావున ఈ సాయంకాలము మూడు జట్లుగా కూర్చుండవలెనని కోరుచున్నాము. మొదటి జట్టు నిన్నటి కాగితములను బల్లపై పరచి, ఏ మీట ఎన్ని కాగితములలో మొదటి వరుసలో వచ్చినదో లెక్కించును. రెండవ జట్టు తెలుగు పదముల పట్టికను చూచును. అందులో ‘దాచు’, ‘రద్దు’ అనువానికి ప్రక్కన ఎర్రగీత పెట్టియున్నాము. ఇతర పదములను కూడ గీయుటకు జంకవలదు. మూడవ జట్టులో హల్బీ, గోండి తెలిసినవారు కూర్చుండి, మాట చేర్చు మీటను తాకగానే ఫోను ఏమని పలుకవలెనో, ఏ భాషలో పలుకవలెనో వ్రాయుదురు. ఫలితములను అనువాదకులకు, అభివృద్ధికారులకు పంపి, వారి సమాధానమును వచ్చిన వెంటనే ఈ పత్రికలో ప్రకటింతుము. చివరి గడి కనబడక ఆగియున్న మిత్రుని విజ్ఞాపన పత్రము మాత్రము భోజన విరామములో ఫోనును అడ్డముగా త్రిప్పి పూర్తిచేయించితిమి. సంతకములకై అది ఇప్పుడు వెనుక వరుసలో తిరుగుచున్నది.